వేగము, వేడిమి, నిగ్రహము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము వినుటకు కొంత క్రొత్తగా నుండవచ్చును. కంప్యూటరులో ప్రాసెసరు అను భాగము కలదు. దాని వేగమును, ఆ వేగము వలన పుట్టు వేడిమిని, ఆపరేటింగు సిస్టమునకు చెందిన డ్రైవరు అను చిన్న ప్రోగ్రాము ఎట్లు అదుపులో నుంచునో తెలుపుటయే నా యుద్దేశము. "పంతులుగారు వ్యాకరణము చెప్పుకొనుట మాని యంత్రముల జోలికేల పోయిరి?" అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని యీ యంత్రము లేనిదే నేడు మనకు పని జరుగుట లేదు. మీసేవా కేంద్రమున ఒక ధ్రువపత్రము కావలెనన్నను, మనుమరాలు పరీక్షకు దరఖాస్తు పెట్టవలెనన్నను, ధాన్యపు సొమ్ము బ్యాంకులో పడినదో లేదో చూడవలెనన్నను ఇదియే దిక్కు. దీనిని కొనుటకు సొమ్మిచ్చువారము మనము. పాడైనదని చెప్పినప్పుడు మరల సొమ్మిచ్చువారమును మనమే. కావున దాని స్వభావమును కొంత తెలిసికొనుట మనకు అవసరము.

వేసవి వచ్చినంతనే మా మేడ్చలు, శామీర్‌పేట గ్రామములలో ఒక మాట వినబడుచుండును: "యంత్రము ముసలిదైనది, ముందుకు కదలుట లేదు." ఈ మాట కొన్నిమారులు నిజము. కాని పెక్కుమారులు ఆ యంత్రము ముసలిది కాలేదు. ఎండకు తాళలేక, తనను తాను కాపాడుకొనుటకై నెమ్మదిగా నడచుచున్నది. ఈ రెండింటికిని గల భేదమును తెలియనివాడు మంచి యంత్రమును పారవేసి క్రొత్తదానికి అప్పు చేయును. తెలిసినవాడు దుమ్ము దులిపి పని చక్కబెట్టుకొనును.

మా ప్రాంతమునకు కంప్యూటరు క్రొత్త చుట్టము కాదు. 1967లో అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను సంస్థ హైదరాబాదున స్థాపింపబడెను. జనులు దానిని ఇ.సి.ఐ.ఎల్. అని పిలుతురు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి మూలపురుషులు. ఏ.ఎస్. రావు నగరము వారి పేరనే వెలసినది. ట్రాంబే శాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో ఈ సంస్థ నుండియే వెలువడెను. ఆ కుషాయిగూడ ప్రాంతము 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే చేరియున్నది. ఆనాటి కంప్యూటరులను చల్లని గదులలో నుంచి, తలుపులు మూసి, దేవతా విగ్రహములవలె కాపాడెడివారు. ఈనాటివి మన ఒడిలోను, మంచముపైనను, చొక్కా జేబులోను ఉండుచున్నవి. చల్లని గది పోయినది. వేడిమి మాత్రము పోలేదు. అప్పుడు గది చేసిన పనిలో కొంతభాగమును ఇప్పుడు డ్రైవరు చేయవలసివచ్చినది.

ప్రాసెసరు అనగా కంప్యూటరునకు మెదడువంటిది. అది తన పనినంతయు ఒక తాళమునకు అనుగుణముగా చేయును. భజన గోష్ఠిలో ఒకడు తాళము కొట్టుచుండగా తక్కినవారందరు ఆ దెబ్బకు సరిగా పాడునట్లు, ప్రాసెసరులోని భాగములన్నియు ఒక విద్యుత్తాళమును అనుసరించి కదలును. 1971లో ఇంటెలు సంస్థ విడుదల చేసిన 4004 అను చిన్న ప్రాసెసరు సెకనునకు సుమారు 7 లక్షల 40 వేల దెబ్బలకు పనిచేసెను. నేడు సాధారణమైన ల్యాప్‌టాపులో అది సెకనునకు 300 కోట్ల వరకు, అంతకు మించియు పోవును. అంగడివారు "మూడు గిగాహెర్ట్జు" అని చెప్పునది ఈ 300 కోట్లే.

ఇక వేడిమి యెచ్చటనుండి పుట్టును? ప్రాసెసరులో ట్రాన్సిస్టరులను సూక్ష్మమైన మీటలు కోట్లకొలది కలవు. తాళపు దెబ్బ పడినప్పుడెల్ల వానిలో కొన్ని తెరచుకొనును, కొన్ని మూసికొనును. మీట మారినప్పుడెల్ల కొంచెము విద్యుత్తు వ్యయమగును. వ్యయమైన విద్యుత్తు నశింపదు, వేడిమిగా మారును. దంచువాని శ్రమ చెమటగా బయటపడినట్లు, యంత్రపు శ్రమ వేడిమిగా బయటపడును.

ఇందొక లెక్క కలదు. దానిని మాత్రము గుర్తుంచుకొనుడు. వేగము రెట్టింపైన వేడిమి రెట్టింపగును. విద్యుత్తును నెట్టు ఒత్తిడికి వోల్టేజి అని పేరు. ఆ వోల్టేజి రెట్టింపైనచో వేడిమి నాలుగింతలగును. వేగము మిక్కిలిగా పెంచవలెనన్న వోల్టేజియు పెంచక తప్పదు. అందువలన కడపటి కొద్దిపాటి వేగమునకు మిక్కుటమైన వేడిమిని మూల్యముగా చెల్లింపవలసివచ్చును. దీనినే తలక్రిందులుగా చూచినచో, కొంచెము వేగమును వదలుకొన్నవానికి చాల చల్లదనము లభించును.

దృష్టాంతము చెప్పెదను. 2000 సంవత్సరము జనవరిలో ఇంటెలు సంస్థ స్పీడ్‌స్టెప్ అను ఉపాయముతో కూడిన పెంటియం 3 ప్రాసెసరులను ల్యాప్‌టాపులకై విడుదల చేసెను. వానిలో ఒకటి గోడ విద్యుత్తుపై నున్నప్పుడు 65 కోట్ల దెబ్బలతో, 1.6 వోల్టులతో పనిచేయును. బ్యాటరీపై నున్నప్పుడు 50 కోట్ల దెబ్బలకును, 1.35 వోల్టులకును దిగును. లెక్కవేసి చూడుడు. వేగమున తగ్గినది నాల్గవ వంతుకంటె తక్కువ. వేడిమిలో తగ్గినదో, నూటికి ఇంచుమించు 45 వంతులు. ఈ బేరము లాభకరమని వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వము ఇంత చింత లేకుండెను. 1974లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డును, ఆయన సహచరులును ఒక సూత్రమును చూపిరి. మీటలను చిన్నవి చేసినకొలది వోల్టేజిని తగ్గింపవచ్చునని, కావున అదే చోట ఎక్కువ మీటలు పెట్టినను వేడిమి పెరగదని వారి సిద్ధాంతము. సుమారు ముప్పది యేండ్లు ఆ సూత్రము అక్కరకు వచ్చినది. తరువాత మీటలు మరీ చిన్నవై, మూసియున్నప్పుడును విద్యుత్తును కార్చుట మొదలుపెట్టెను; తూము మూసినను సందులలో నీరు కారినట్లే. 2004 అక్టోబరులో ఇంటెలు సంస్థ 400 కోట్ల దెబ్బల పెంటియం 4 ను తెచ్చు నాలోచనను విరమించుకొనెను. నాటినుండి ఒక్క యెద్దును కొట్టి పరుగెత్తించుట మాని, రెండు నాలుగు ఎద్దులను జోడించి పని చేయించు పద్ధతి ప్రబలినది. ఒకే ప్రాసెసరులో పెక్కు కోరులు ఉండుట అనగా ఇదియే.

ఇప్పుడు డ్రైవరు మాటకు వత్తము. డ్రైవరనగానే మనకు బస్సు నడపువాడు తోచును. సంస్కృతమున సారథి అందుము. ఇచ్చట డ్రైవరు మనుష్యుడు కాడు, ఒక చిన్న ప్రోగ్రాము. యంత్రములోని సర్వాధికారికి ఆపరేటింగు సిస్టమని పేరు. విండోసు, లినక్సు, ఫోనులలోని ఆండ్రాయిడు ఈ జాతివే. లినక్సును 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించెను. ఆండ్రాయిడునకు కూడ పునాది అదియే. ఈ సర్వాధికారికి ఒక్కొక్క భాగము యొక్క భాష తెలియదు. ప్రాసెసరుతో మాటాడుటకు ఒక దుబాసీ, తెరతో మాటాడుటకు ఒక దుబాసీ, ఫ్యానుతో మాటాడుటకు మరియొక దుబాసీ వలెను. ఆ దుబాసీలే డ్రైవరులు. సారథి మంచివాడు కానిచో ఎంతటి రథమైనను చెడును. శల్యసారథ్యమను మాట మనకు ఊరక పుట్టలేదు.

లినక్సులో ప్రాసెసరు వేగమును నడపు ఏర్పాటు మన చెరువు ఏర్పాటును పోలియున్నది. కరీంనగరము పోవు రాజమార్గము ప్రక్కన శామీర్‌పేట చెరువును మీలో పలువురు చూచియుందురు. కట్టగల చెరువునకెల్ల తూము, అలుగు ఉండును. ఏ పొలమునకు ఎంత నీరు విడువవలెనో నిర్ణయించువారు పెద్దలు. ఆ నిర్ణయము చొప్పున తూము నెత్తి దించువాడు నీరటికాడు. నిర్ణయము వేరు, నిర్వాహము వేరు. అట్లే లినక్సులో ఎంత వేగము కావలెనో నిర్ణయించు భాగమునకు గవర్నరు అని పేరు. ఆ నిర్ణయమును ప్రాసెసరునకు తెలిపి అమలు జరుపువాడు డ్రైవరు. ఇంటెలు వారి తూము ఒక తీరుది, ఎ.ఎం.డి. వారి తూము మరియొక తీరుది. కావున నీరటికాండ్రును వేరు వేరు. 2013లో లినక్సులో చేరిన ఇంటెల్ పీస్టేట్ అను డ్రైవరు నిర్ణయమును కూడ తానే చేసికొనగలదు. 2022లో ఎ.ఎం.డి. ప్రాసెసరులకు ఎ.ఎం.డి. పీస్టేట్ అను డ్రైవరు చేరినది.

గవర్నరను మాటకు చక్కని చరిత్ర కలదు. గ్రీకు భాషలో ఓడ చుక్కాని పట్టువానికి చెప్పు మాట నుండి లాటినులోనికి, అచ్చటినుండి ఇంగ్లీషులోనికి అది వచ్చినది. మన భాషలో కర్ణధారుడందుము. 1788లో జేమ్సు వాట్టు తన యావిరి యంత్రమునకు రెండు గుండ్లు గల గవర్నరును అమర్చెను. యంత్రము వేగముగా తిరిగినకొలది గుండ్లు పైకి విచ్చుకొని ఆవిరి ద్వారమును కొంత మూయును. నెమ్మదించినచో గుండ్లు దిగి ద్వారమును తెరచును. వేగమే వేగమును అదుపు చేసికొనుట ఇందలి విశేషము. ప్రాసెసరులోని గవర్నరు ఆ గుండ్లకు మనుమడు.

గవర్నరులు పలువిధములు. పెర్ఫార్మెన్సు అనునది ఎల్లప్పుడును ఎక్కువ వేగమునే కోరును. పవర్‌సేవ్ అనునది ఎల్లప్పుడును తక్కువ వేగమునే కోరును. ఈ రెండును మొండి పట్టుదల కలవి. ఆన్‌డిమాండు అనునది వివేకి. అది 2004లో లినక్సున చేరినది. ఇంటెలు సంస్థలో పనిచేసిన వెంకటేష్ పల్లిపాడి దాని కర్తలలో నొకరు. అది మాటిమాటికి ప్రాసెసరు ఎంత పనిలో నున్నదో చూచును. పని ఒక హద్దు దాటినచో ఒక్కమారుగా పూర్తి వేగమునకు పోనిచ్చును. పని తగ్గినచో వేగమును దించును. కన్సర్వేటివు అనునది ఒక్కొక్క మెట్టే ఎక్కి, ఒక్కొక్క మెట్టే దిగును. 2016లో వచ్చిన షెడ్యుటిల్ అనునది ఇంకొక యడుగు ముందునకు పోయినది. పనులను పంచిపెట్టు మేస్త్రీ వంటి భాగము లినక్సులో ముందునుండియు కలదు. రాబోవు పని యెంతయో ఆ మేస్త్రీనే యడిగి ఇది వేగమును నిర్ణయించును. ఈ యేర్పాటునంతటిని చాలకాలముగా సంరక్షించుచున్నవారు పోలండు దేశీయుడు రఫాయెల్ వైసోకీ, మన దేశీయుడు విరేష్ కుమార్.

పని లేనప్పుడు ప్రాసెసరు నిద్రించును. ఆ నిద్రలోను తరగతులు కలవు. తేలిక నిద్రలో తాళము మాత్రము ఆగును, వెంటనే లేవగలదు. గాఢనిద్రలో విద్యుత్తు సయితము కొన్ని భాగములకు ఆగును. లేచుటకు కొంత యెక్కువ కాలము పట్టును. మన శాస్త్రములలోని జాగ్రత్స్వప్నసుషుప్తులు జ్ఞప్తికి వచ్చుటలో వింత లేదు. మీరు ఒక పుట చదువుచు ఊరకున్నప్పుడు, రెండు అక్షరముల నడుమ కాలములో సయితము మీ యంత్రము అనేకమారులు నిద్రించి లేచుచుండును.

ఇంతవరకు చెప్పినది పనిని బట్టి జరుగు నిగ్రహము. వేడిమిని బట్టి జరుగు నిగ్రహము వేరొకటి కలదు. ప్రాసెసరులోపలనే వేడిమిని కొలుచు సాధనములు కలవు. ఆ కొలతను లినక్సు డిగ్రీలో వెయ్యవ వంతుల లెక్కన చూపును. అందు 45000 అని కనబడినచో 45 డిగ్రీలని యర్థము, భయపడవలదు. వేడిమి ఒక హద్దు దాటినప్పుడు ఫ్యాను గట్టిగా తిరుగును. మరియొక హద్దు దాటినప్పుడు వేగము తగ్గింపబడును. కడపటి హద్దు దాటినచో యంత్రము తనంత తానే ఆగిపోవును. సర్వాధికారి మాట తప్పినను ప్రాసెసరు లోపలి కట్టడి మాట తప్పదు. అది స్వయముగా వేగమును తగ్గించుకొనును, విధిలేనిచో విద్యుత్తును త్రుంచివేసికొనును. పెక్కు ల్యాప్‌టాపు ప్రాసెసరులకు ఈ హద్దు సుమారు 100 డిగ్రీలు.

ఇదియే చెరువునకు అలుగు. నిండుమట్టము దాటిన నీరు అలుగుమీదుగా పోవుట చూచి "నీరు వ్యర్థమగుచున్నదే" అని చింతించువాడు అమాయకుడు. అలుగు పారుటచేతనే కట్ట నిలుచుచున్నది. యంత్రము నెమ్మదించుటచేతనే యంత్రము బ్రతుకుచున్నది.

ఇక మన యెండల మాట. వేడిమి ఎక్కువ వేడిచోటి నుండి తక్కువ వేడిచోటికి ప్రవహించును. రెంటికిని గల భేదమెంతయో ప్రవాహమును అంత. మేడ్చలులో మాఘమాసపు ఉదయమున గదిలో 25 డిగ్రీలున్నవనుకొందము. ప్రాసెసరు హద్దు 100 కావున నడుమ భేదము 75. వైశాఖమాసపు మధ్యాహ్నమున రేకుల కప్పు క్రింద 42 డిగ్రీలున్నవనుకొందము. భేదము 58కి దిగినది. అనగా అదే ఫ్యాను, అదే యంత్రము, మాఘమాసమున బయటికి పంపగలిగిన వేడిమిలో నూటికి 77 వంతులను మాత్రమే వైశాఖమున పంపగలదు. తక్కిన వేడిమిని పుట్టింపకుండుటయే దానికి గతి. అందుకై వేగమును తగ్గించుకొనును. గాలి పోవు రంధ్రములలో దుమ్ము పేరుకొన్నచో ఈ లెక్క ఇంకను విషమించును. మీసేవా కేంద్రమున ఉదయము చురుకుగా నున్న యంత్రము మధ్యాహ్నము మొరాయించుటకు ఇది యొక కారణము కావచ్చును. అచ్చటి పిల్లవానిని కోపగించుటకు ముందు ఈ సంగతి తలపునకు తెచ్చుకొనుడు.

నేనెరిగిన యొక కుటుంబపు సంగతి చెప్పెదను. శామీర్‌పేటకు ఆవలి గ్రామమున నా యీడు రైతు ఒకరు కలరు. ఆయన మనుమరాలు డిగ్రీ చదువుచున్నది. ఆమెకు సెకండుహ్యాండు ల్యాప్‌టాపు ఒకటి కొనియిచ్చిరి. వేసవిలో, పరీక్షలు పది దినములున్నవనగా, అది పది నిమిషములు బాగుగా నడచి పిమ్మట నత్తనడక నడువసాగెను. ఒక యంగడివాడు చూచి, ప్రాసెసరు పోయినది, క్రొత్త యంత్రము కొనుడని చెప్పెను. ఇంటిలో రెండు పాడి బర్రెలు కలవు. ఒకదానిని అమ్ముటకు బేరము కూడ కుదిరినది. పాలసొమ్ముతో గడచు సంసారమున ఆ బర్రె యెట్టిదో మీకు నేను చెప్పనేల?

అమ్మకమునకు ముందు ఆయన నాయొద్దకు వచ్చి విషయము చెప్పగా, కంప్యూటరు పనిలో నున్న నా పూర్వ విద్యార్థి నొకనిని ఆదివారమునాడు వెంటబెట్టుకొని పోతిని. అతడు మొదట రెండు అంకెలను చూచెను. వేడిమి 97 డిగ్రీలు. వేగము 300 కోట్లకు మారుగా 80 కోట్లు. "అయ్యవారూ, ప్రాసెసరు పోలేదు, ఊపిరాడక మూల్గుచున్నది" అనెను. ఆ బాలిక యంత్రమును మంచముపై బొంతమీద పెట్టుకొని చదువుచుండెను. గాలి రంధ్రములు బొంతతో మూసికొనిపోవుచుండెను. విప్పి చూడగా లోపల దుమ్ము, దూది నూలు చాపవలె అల్లుకొనియుండెను. పైగా ఎవరో యంత్రమును ఎల్లప్పుడును గరిష్ఠవేగమున నడచునట్లు అమర్చియుంచిరి. అతడు దుమ్ము తీసి, ప్రాసెసరుపై ఎండిపోయిన లేపనమును తుడిచి క్రొత్తది పూసి, అమరికను నడిమి స్థాయికి మార్చి, చెక్క పలకపై పెట్టి నడిపెను. అదే పనికి వేడిమి 72 డిగ్రీలు. వేగము 250 కోట్లకు పైన. ఖర్చు కొన్ని వందల రూపాయలు. పెద్దాయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "గింతేనా పంతులూ? గీ దుమ్ముకా బర్రెనమ్ముమన్నరు?" అనెను. బాలిక పరీక్షలు వ్రాసినది. బర్రె యింటనే యున్నది.

అట్లని మందగమనమునకెల్ల వేడిమియే కారణమని నేననను. దానికి గుర్తులు వేరు. ఉదయము చురుకుగా నుండి మధ్యాహ్నము మందగించినను, తెరచిన క్రొత్తలో బాగుగా నడచి కొంతసేపటికి మందగించినను, ఫ్యాను హోరెత్తుచున్నను వేడిమిని అనుమానింపవలెను. తెల్లవారుజామున చల్లగా నున్నప్పుడు సయితము, తెరచిన క్షణమునుండియు మందముగా నున్నచో కారణము వేరు. పాతబడిన డిస్కో, చాలని మెమొరీయో కావచ్చును. వైద్యుడు నాడి చూడక మందీయడు. అట్లే యంత్రమును మార్చుమన్నవానిని మీరు రెండు ప్రశ్నలు వేయుడు: "ఇప్పుడు వేడిమి యెంత? ఇప్పుడు వేగమెంత?" ఈ రెండు అంకెలను చూపలేనివాని మాటమీద సొమ్ము వ్యయపరచవలదు.

కొనునప్పుడు కూడ ఒక మాటను జాగ్రత్తగా చదువవలెను. పెట్టెమీద పెద్ద యక్షరములతో వేగము వ్రాసి, ముందో వెనుకనో "వరకు" అని చిన్న మాట యుంతురు. 2008 నుండి ఇంటెలు ప్రాసెసరులలో టర్బో అను అదనపు పరుగు వచ్చినది. ఇతరులును అట్టిదానిని కల్పించిరి. వేడిమి యనుమతించినంతకాలమే ఆ పరుగు. వ్యాకరణము చదివినవాడను గనుక చెప్పుచున్నాను, ఆ వాక్యమునకు ప్రాణమంతయు "వరకు" అను మాటలోనే యున్నది. ఒకే ప్రాసెసరు గల రెండు యంత్రములలో గాలి చక్కగా ఆడునది ఎక్కువసేపు పరుగెత్తును. పలుచని అందమునకై గాలి తగ్గించినది త్వరగా అలసిపోవును.

విండోసు గల యంత్రములలో పవర్ మోడు అని యొక అమరిక యుండును. అందు నడిమిది మన యిండ్లకు చాలును. పవర్ ఆప్షన్సు అను పుటలో ప్రాసెసరు గరిష్ఠస్థితి యను అంకె కొన్ని యంత్రములలో కనబడును. అది సాధారణముగా 100 ఉండును. దానిని 99 చేసినచో పెక్కు యంత్రములలో టర్బో పరుగు ఆగి వేడిమి బాగుగా తగ్గును. నడివేసవిలో ఉత్తరములు వ్రాయుటకు, పాఠములు వినుటకు ఆ వేగమే ఎక్కువ. చలికాలమున మరల 100కు మార్చుకొనవచ్చును. ఈ పని పిల్లలచేత మీ యెదుటనే చేయించుడు.

చేయరాని పని యొకటి కలదు. పంటమీది యాశతో అలుగుపై ఇసుక బస్తాలు పేర్చి నీటిమట్టమును పెంచువారిని మీరు చూచియుందురు. ఒక యేడు లాభము కలుగవచ్చును. మరుయేడు కట్ట తెగి క్రింది పొలములన్నియు కొట్టుకొనిపోవచ్చును. వేడిమి కట్టడిని తొలగించి వేగమును పెంచెదమని ఆశపెట్టు ప్రోగ్రాములను, ఎచ్చటివో తెలియని డ్రైవరులను యంత్రములో చేర్చుట అట్టిదే. డ్రైవరులు యంత్రము చేసినవారి నుండియో, ఆపరేటింగు సిస్టము వారి నుండియో మాత్రమే రావలెను. ఏలయన డ్రైవరు సర్వాధికారికి సన్నిహితుడు. వాడు దుర్మార్గుడైనచో ఇల్లంతయు వాని చేతిలో నుండును.

ఫోనునకు ఫ్యాను సయితము లేదు. మే నెలలో పొలము గట్టున ఎండలో పెట్టి చార్జి చేసినచో అది నెమ్మదించును, తెర వెలుగును తగ్గించుకొనును, ఒక్కొక్కప్పుడు చార్జి నెక్కించుకొనుట మానును. అది అలుకకాదు, ఆత్మరక్షణము. నీడకు తెచ్చి కొంతసేపు విడిచిపెట్టుడు. ఫ్రిజ్జులో పెట్టవలదు, లోపల చెమ్మ చేరి నష్టము కలుగును. బ్యాటరీ ఉబ్బినట్లు కనబడినచో, ఫోనైనను ల్యాప్‌టాపైనను, వాడుట తక్షణము మానవలెను.

పెద్దలు గమనింపవలసినవి మరల చెప్పుచున్నాను. యంత్రమును బొంతమీదను పరుపుమీదను గాక గట్టి పలకమీద నుంచవలెను. ఉగాదికి ఇల్లు అలికి సున్నము వేయునప్పుడే యంత్రపు దుమ్మును కూడ తెలిసినవానిచేత తీయింపవలెను. అమరికను నడిమి స్థాయిలో నుంచవలెను. రెండు అంకెలను చూడక క్రొత్తది కొనరాదు. కట్టడిని తొలగింపరాదు.

వేగమనునది అంగడిలో ఒక్కమారు కొని తెచ్చుకొను వస్తువు కాదు. అది ప్రతి క్షణమును వేడిమితో బేరమాడి సంపాదించుకొనునది. ఆ బేరమును మన తరపున నడపువాడు కంటికి కనబడని యొక చిన్న సారథి. వానికి గాలి, నీడ, శుభ్రత కలిగించినచో అయిదేండ్లు పనిచేయు యంత్రము ఇంకను కొన్నియేండ్లు చేయగలదు. ఆ మిగిలిన సొమ్ము పిల్లల చదువునకో, విత్తనములకో, కూతురి పురుటికో అక్కరకు వచ్చును.